సగం తరంగం, ఒక పెళ్ళి డిస్కు

రాజోలు,
జనవరి 5.

ప్రభువునందు ప్రియమైనదీ, ఫిజిక్సునందు మాత్రం మొండిదీ అయిన కోడలు శారోన్‌కి,

మీ మావయ్య దానియేలు దీవించి రాస్తున్న ఉత్తరం. మేం క్షేమం. మీ అత్తయ్య మోకాలి నొప్పి ఎడమ కాలి నుంచి కుడి కాలికి మారింది. తక్కిందంతా మీరు క్రిస్మస్‌కి వచ్చి వెళ్ళినప్పటిలాగే ఉంది.

ఫోను ఉండగా ఉత్తరాలేమిటని దీపక్ నవ్వుతున్నాడట. వాడికి చెప్పు. ఈ ఇంట్లో ఫోను మోగితే మీ అత్తయ్య స్పీకరు పెడుతుంది. పాలు పోయడానికి వచ్చినామె కూడా క్యాను దించి కూర్చుని వింటుంది. ఆ సభలో ఫిజిక్సు ఎలా మాట్లాడతాం? పైగా బొమ్మ గీయకుండా పాఠం చెప్పడం నాకు చేతకాదు.

నువ్వు కేకు కోస్తూ అన్న మాట నాకింకా మింగుడు పడలేదు. వెలుగు తరంగం పొడవులో సగం కన్నా చిన్నవాటిని మామూలు మైక్రోస్కోపులో చూపించే లెన్సు తయారు చేస్తున్నావా? అమ్మాయ్, మన కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్సు చెప్పాను. వెలుగు ఒక అల. గోదావరి అల రేవులో స్తంభాన్ని కొడితే వెనక్కి మళ్ళుతుంది. అదే నీళ్ళలో అగ్గిపుల్ల నిలబెట్టు, తాకిన సంగతి కూడా దానికి తెలియదు. సగం తరంగం దగ్గర దేవుడు గీత గీశాడు. దాన్ని దాటానని పరీక్షలో రాసిన ఒక కుర్రాడికి సున్నా వేశాను. వాడిప్పుడు రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేస్తూ సుఖంగా ఉన్నాడు. నువ్వూ ఆలోచించుకో.

ఇక ఇంటి సంగతి. మా అత్తగారు బంగారమ్మ గారు పోయి వచ్చే నెల ఇరవై రెండుకి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెడుతున్నాం. అందులో మీ పెళ్ళి వీడియో నుంచి ఆవిడ కనబడే భాగం తెరమీద వేయించాలని మీ అత్తయ్య పట్టుదల. ఆవిడ కదిలే బొమ్మ, మాట్లాడే మాట ప్రపంచం మొత్తం మీద అందులోనే ఉన్నాయి. నీకు గుర్తుందిగా, వీడియో తీసిన శ్యామ్ బాబు కొత్త మోజుకొద్దీ దాన్ని బ్లూరే డిస్కులో ఇచ్చాడు. మన ప్లేయరుకి అది పడలేదు. ఎనిమిదేళ్ళు ఎవరూ చూడకుండానే షోకేసులో కప్పుల మధ్య నిలబెట్టాం. మొన్న తీసి చూస్తే కవరు ఉంది, లోపల డిస్కు లేదు.

నీకేమైనా తెలుసా అని అడగమంది. తెలియకపోతే బెంగ పెట్టుకోకు. గోడమీద ఫొటో ఉండనే ఉంది. నన్నడిగితే కూటానికి ఫొటోయే హుందాగా ఉంటుంది.

ఆశీస్సులతో, గీతకి ఇవతలే ఉన్న
మీ మావయ్య.


హైదరాబాదు,
జనవరి 12.

సగం తరంగం దగ్గర చెక్‌పోస్టు పెట్టుకుని కూర్చున్న ప్రియమైన మావయ్య గారికి,

మీ కోడలు శారోన్ వందనాలు. సున్నా వేస్తారన్న భయంతోనే రాస్తున్నాను.

మీ గీత నిజమే. కాదని నేను అనలేదు. ఒక వస్తువు మీద వెలుగు పడితే దాని లావుపాటి వివరాలు అలలుగా బయల్దేరి మన కంటిదాకా వస్తాయి. సన్న వివరాలు కూడా బయల్దేరతాయి కానీ గుమ్మం దాటవు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు దూరం వెళ్ళేసరికే ఆరిపోతాయి. అత్తయ్య గారు పులుసులో ఏం వేశారో వీధి అరుగు మీద పేపరు చదివే మీకు తెలుస్తుందా? వంటింటి గడప మీద నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది. నా లెన్సు గడప మీద నిలబడి, అరుగు మీదున్న మీకు కేకేసి చెప్తుంది. అంతే.

లెన్సంటే మీ కళ్ళజోడులాంటి గాజు బిళ్ళ కాదు. గోడలకి వేసే తెల్లరంగులో ఉండే టైటానియం డయాక్సైడే. దాన్ని పదిహేను నానోమీటర్ల రవ్వలుగా తీసుకుని, సందు లేకుండా పేర్చి, కంటికి ఆననంత చిన్న బొట్టు చేస్తాను. నానోమీటరంటే మిల్లీమీటర్లో పది లక్షలో వంతని మీకు చెప్పక్కర్లేదు, దీపక్‌కి చెప్పాల్సి వచ్చింది. ఇలా ప్రకృతిలో లేని గుణం కోసం మనిషి పేర్చిన పదార్థాన్ని మెటామెటీరియల్ అంటారు. ఆ బొట్టు వస్తువుని తాకుతూ కూర్చోవాలి. ఒక్క రవ్వంత ఎడం వచ్చినా ఏమీ కనబడదు.

ఫిబ్రవరి ఇరవైన కమిటీ ముందు చూపించాలి. మార్చితో నా ఫెలోషిప్ ఆఖరు. ఆ రోజు సగం తరంగం దాటిందని రుజువు కాకపోతే ఆరేళ్ళ పని అటకెక్కుతుంది మావయ్య గారూ. మా గైడు కుమారస్వామి గారు మంచివారే, కానీ ఆయనా మీ జాతే. కళ్ళారా చూస్తేగాని నమ్మరు.

డిస్కు గురించి అడిగారు కదా. హైదరాబాదులో ఈ ఏడు చలి బాగా ఎక్కువగా ఉంది. దీపక్‌ని అడిగితే "నన్నిందులోకి లాగకు" అన్నాడు. ఎందుకన్నాడో నాకూ తెలియదు. శ్యామ్ బాబు దగ్గర కాపీ తప్పకుండా ఉంటుంది. ఉంటుంది కదండీ? ఉందో లేదో ఒకసారి కనుక్కుని వెంటనే రాయండి. ఊరికే అడుగుతున్నాను.

అత్తయ్య గారి రెండు మోకాళ్ళకీ నా వందనాలు.

గడప మీద నిలబడ్డ మీ కోడలు,
శారోన్.


రాజోలు,
జనవరి 22.

గడప దిగని కోడలు శారోన్‌కి ప్రేమతో,

ఉత్తరం ఆలస్యమైంది. శనివారం పోస్టు చేద్దామని బయల్దేరితే బస్సులన్నీ వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళే జనంతో కిక్కిరిసి ఉన్నాయి. పోస్టాఫీసు మన వీధి చివరే కదా, బస్సెందుకని నువ్వు అడగొచ్చు. నిజం చెప్పాలంటే రాయడానికే మనసొప్పలేదు.

శ్యామ్ బాబుని మీ అత్తయ్య ఇంటికి పిలిపించింది. "ఆయ్, హార్డ్ డిస్కు మొన్నటి గోదావరి వరదలో నానిపోయిందండీ అమ్మగారూ. మీదే కాదండీ, కోనసీమలో ఐదేళ్ళ పెళ్ళిళ్ళన్నీ కొట్టుకుపోయేయండీ" అన్నాడు. అంటూ ఎందుకో నా వంక చూశాడు. వాడు ఇంటర్‌లో నా స్టూడెంటు. కాంతి పాఠంలో నిద్రపోతున్నాడని ఏడాదంతా బెంచీ ఎక్కించాను.

కాబట్టి కాపీ లేదు. మీ అత్తయ్య ఇల్లంతా వెతికింది. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి వెతికింది. నా పాత ప్రాక్టికల్ రికార్డుల పెట్టె కూడా తీయబోయింది గానీ, అందులో తేళ్ళున్నాయని ఆపాను.

"ఏవండీ, మా అమ్మ గొంతు మర్చిపోతున్నానండీ. మొన్న తలుచుకుందామంటే రాలేదు" అంది నిన్న. నర్సుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఎంత రక్తం చూసినా చలించేది కాదు. ఆ మాట అని చెంగు అడ్డం పెట్టుకుంది. నేను పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నాను.

ఆవిడ గొంతు నాకూ పెద్దగా తెలియదనుకో. అల్లుడితో అత్తగారు నేరుగా మాట్లాడకూడదని ఆవిడ పాతకాలం పట్టింపు. నాకు చెప్పాల్సింది గోడకి చెప్పేవారు, తలుపుకి చెప్పేవారు. "అన్నం చల్లారిపోతుందని చెప్పండి" అని ఒకసారి పిల్లికి చెప్పారు. దానికి తోడు పెళ్ళిచూపుల్లోనే నేనొక తప్పు చేశాను. సూర్యుడు వచ్చేలోపు చేలో ఉంటానని ఆవిడ అంటే, సూర్యుడు రాడండీ, భూమే తిరుగుతుంది అన్నాను. కూలికెళ్ళి కూతుర్ని నర్సు చదివించిన మనిషి ఆవిడ. పొద్దున్నే లేచి చేలోకి వెళ్ళని నేను ఆవిడకి సూర్యుడి గురించి చెప్పాను. అప్పట్నుంచీ ముప్పై ఏడేళ్ళు నేను ఆవిడ లెక్కలో లేను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు. నీకు డిస్కు సంగతి ఏమైనా తెలిస్తే చెప్పు. తెలియకపోయినా పర్వాలేదు. నీ లెన్సు ఎంతవరకు వచ్చింది? రాలేదనే నా నమ్మకం.

మీ మావయ్య,
దానియేలు.


హైదరాబాదు,
ఫిబ్రవరి 1.

ప్రియమైన మావయ్య గారికి,

ఈ ఉత్తరం అత్తయ్య గారి కంటపడకుండా చదవండి. చదివాక నన్ను తిట్టండి.

డిస్కు నేనే తీశాను. తీయడమే కాదు, కత్తిరించాను.

ల్యాబులో నా లెన్సుని పరీక్షించడానికి ఉన్న నమూనా పలక నవంబరులో చేజారి పగిలిపోయింది. ఇంకోటి తెప్పించాలంటే నాలుగు నెలలు. బ్లూరే డిస్కయితే సరిగ్గా సరిపోతుంది. దానిమీద దుక్కి చాళ్ళలాగా పక్కపక్కనే సన్నటి చాళ్ళుంటాయి. ఒక చాలుకీ ఇంకో చాలుకీ మూడు వందల ఇరవై నానోమీటర్లు. ఆ చాళ్ళలో నూట యాభై నానోమీటర్ల మచ్చలుంటాయి. ఆ మచ్చలే బొమ్మా, మాటా. చాళ్ళు మంచి మైక్రోస్కోపుకి కష్టం మీదైనా దొరకొచ్చు. మచ్చలు మాత్రం మీ గీతకి అవతలివి. వాటిని చూపిస్తే నా లెన్సు గెలిచినట్టు.

క్రిస్మస్‌కి మీ షోకేసులో అది కనబడింది. ఎనిమిదేళ్ళు ఎవరూ చూడలేదు, శ్యామ్ బాబు దగ్గర కాపీ ఉంటుంది, పైగా నా పెళ్ళే కదా అనుకున్నాను. మా ఇద్దరి ఫొటో అచ్చువేసిన డిస్కుని కత్తెరతో కోస్తుంటే కత్తెర సరిగ్గా దీపక్ మెడమీదుగా వెళ్ళింది. అది చూసినప్పట్నుంచీ ఆయన "నన్నిందులోకి లాగకు" అంటున్నాడు.

అసలు దెబ్బ ఇంకోటి. లెన్సు కింద చాళ్ళు కనబడ్డాయి మావయ్య గారూ. అద్దంలా, తిన్నగా, ఒక్కొక్కటీ. మచ్చలు మాత్రం లేవు. బొట్టు మీద బొట్టు, యాభై బొట్లు చేశాను. ఒక్క మచ్చ కనబడలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో సరిచూద్దామంటే అది దసరా నుంచీ రిపేరులో ఉంది. కుమారస్వామి గారు ఫొటోలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే చెడ్డవార్తే. "చాళ్ళు కనబడ్డాయంటే సంతోషమేనమ్మా. మచ్చలుండాల్సిన చోట కనబడలేదంటే మాత్రం నీ లెన్సు గీత దాటలేదు" అన్నారు. ఇరవయ్యో తేదీ లోపు మచ్చలు చూపించకపోతే ఓడిపోయానని రాసుకోవాలి.

మీరే గెలిచారు మావయ్య గారూ. మీకు సంతోషంగా ఉండాలి, ఉండండి. నాకు లెన్సు పోయినందుకు కూడా ఇంత ఏడుపు రావడం లేదు. అత్తయ్య గారి అమ్మ గొంతుని కత్తెరతో ముక్కలు చేశాను. అదీ దేనికీ పనికిరాకుండా. అత్తయ్య గారి కాళ్ళ మీద పడడానికి కూటానికి ముందే వస్తాను. అంతవరకు మీరేమీ చెప్పకండి.

మొహం చెల్లని
శారోన్.


రాజోలు,
ఫిబ్రవరి 5.

అమ్మా శారోన్,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మీ అత్తయ్యకి ఏమీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నేను గెలిచానని రాశావు. ఆ మాట కాస్త పక్కన పెట్టు. ఒక చిన్న సందేహం. కేవలం విజ్ఞానం కోసం అడుగుతున్నాను, ఇంకో అర్థం తీయకు. అసలేమీ రికార్డు చేయని ఖాళీ డిస్కు ఉందనుకో. దాన్ని నీ లెన్సు కింద పెడితే ఎలా కనబడుతుంది? దాని మీద కూడా చాళ్ళుంటాయా? నువ్వు తీసిన ఫొటో ఒకటి అచ్చువేసి పంపు. వెంటనే పంపు.

కూర బాగాలేక అన్నం మధ్యలో లేచానని మీ అత్తయ్య అనుకుంటోంది. కూర బాగానే ఉంది.

మీ మావయ్య.


హైదరాబాదు,
ఫిబ్రవరి 8.

ప్రియమైన మావయ్య గారికి,

ఫొటో జతచేశాను. మీ విజ్ఞానం ఈ వయసులో ఇంత తొందరగా పెరుగుతుందని అనుకోలేదు.

ఉంటాయండీ. ఖాళీ డిస్కు మీద కూడా ఫ్యాక్టరీలోనే చాళ్ళు దున్ని పంపుతారు. రికార్డు చేసినప్పుడే వాటిలో మచ్చలు పడతాయి. కాబట్టి ఖాళీ డిస్కయితే సరిగ్గా ఈ ఫొటోలాగే ఉంటుంది. చాళ్ళుంటాయి, మచ్చలుండవు. కానీ ఇది ఖాళీది కాదు కదా! మూడు గంటల పెళ్ళి ఉంది ఇందులో. అందుకే లెన్సుదే తప్పని తేలింది.

ఎందుకడిగారో చెప్పలేదు. నన్ను ఓదార్చడానికైతే వద్దు. పదిహేనో తేదీన కుమారస్వామి గారికి నా ఓటమి రాసి ఇచ్చేస్తున్నాను. ఇరవైన అందరి ముందు నిలబడి వినడం కన్నా అదే నయం.

శారోన్.


రాజోలు,
ఫిబ్రవరి 11.

ప్రభువు క్షమిస్తాడని నమ్మకమున్నదీ, నువ్వు క్షమిస్తావో లేదో తెలియనిదీ అయిన ఈ ఉత్తరం మా తల్లి శారోన్‌కి,

ఆ ఓటమి కాగితం రాసి ఉంటే చింపెయ్యి. నీ లెన్సు తప్పు చెప్పలేదు. తప్పు నాది. అది ఖాళీ డిస్కు.

పెళ్ళయిన నెలకి డిస్కు తెచ్చుకోమని శ్యామ్ బాబు అమలాపురం స్టూడియోకి పిలిచాడు. వెళ్ళాను. పెద్ద తెరమీద వేశాడు. పాస్టరు గారి వాక్యం నడుస్తోంది. కెమెరా మొదటి వరస మీదకి వచ్చింది. మెల్లగా, మెల్లగా ఒక మొహం దగ్గరికి వచ్చింది. ఆ మొహం నాది. నేను నిద్రపోతున్నాను. నోరు బార్లా తెరిచి ఉంది. దాన్ని వాడు స్లో మోషన్‌లో పెట్టి, చుట్టూ గులాబీ రేకులు రాల్చి, వెనక వేణువు వాయించాడు. రెండు రేకులు నా నోట్లోకే పోయినట్టున్నాయి. ఇలాగే నాలుగు నిమిషాలుందట. నేను అర నిమిషం చూసి ఆపించేశాను. ఏమిట్రా ఇది అంటే "తండ్రి ఎమోషనండీ మాస్టారూ" అన్నాడు. వాడి కళ్ళల్లో ఇంటర్ సెకండియర్ మొత్తం కనబడింది.

నిద్రపోతున్నాడని ఎంతమందిని బెంచీ ఎక్కించాను! రాజోలులో సగం మంది నా స్టూడెంట్లు. అది వాళ్ళు చూస్తే నేను వీధిలో తల ఎత్తుకోగలనా? మీ ఫొటో అచ్చువేసిన ఖాళీ డిస్కు ఇంకోటి వాడి బల్లమీద ఉంది. దాన్ని కవరులో పెట్టి మీ అత్తయ్యకిచ్చాను. ఇంట్లో ప్లేయరుకి బ్లూరే పడదని నాకు ముందే తెలుసు. అసలుది నా రికార్డుల పెట్టెలో దాచాను. అందులో తేళ్ళెప్పుడూ లేవు.

ఖాళీ డిస్కు పోయిందంటే లోలోపల సంతోషించాను, ఇక అసలుదాని ఊసే రాదని. నువ్వు కోశానని రాసిన రోజు మాత్రం నా పరిస్థితి చెప్పలేను. మాట్లాడకుండా ఉంటే నీ లెన్సు ఓడిపోతుంది, నా సగం తరంగం నిలబడుతుంది, నా నిద్ర పెట్టెలో ఉంటుంది. మూడూ నాకు లాభమే. మూడు రోజులు ఆ లాభం మోశాను. నీ ఫొటో వచ్చాక భూతద్దం పెట్టి చూశాను. ఏమీ లేని చోట ఏమీ లేదని ఇంత తేటగా చెప్పిన లెన్సుని ఓడిపోయిందని రాయించి, నేను రేపు చర్చిలో ఏ మొహంతో కూర్చోను?

మీ అత్తయ్యకి నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేశాను. "ఎనిమిదేళ్ళాండీ?" అంది. అన్నం వడ్డించింది, కూర వెయ్యలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. సాయంత్రం కూడా వెయ్యకపోతే అర్థమైంది. నువ్వు కోసినందుకు మాత్రం "ఖాళీదే కదా, పిల్లనేమీ అనకండి" అంది.

శ్యామ్ బాబు అసలు డిస్కుని మూడు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించాడు. ఇంట్లో చూద్దామంటే మీ అత్తయ్య ఒప్పుకోలేదు. "మా అమ్మని కూటంలోనే చూస్తానండీ. మొత్తం వెయ్యాలి, ఒక్క ముక్క కొయ్యకూడదు. మీరు మొదటి వరసలో కూర్చోవాలి, ఈసారి మెలకువగా" అని తీర్పు చెప్పింది.

అసలు డిస్కు ఈ కవరులో పంపుతున్నాను. కొయ్యి. మచ్చలు చూడు. కుమారస్వామి గారికి నా పేరుతో జరిగింది జరిగినట్టు చెప్పు.

సిగ్గుతో,
మీ మావయ్య దానియేలు.


హైదరాబాదు,
ఫిబ్రవరి 20, సాయంత్రం.

లోకంలోకెల్లా మంచి దొంగ అయిన మా మావయ్య గారికి,

మచ్చలు! మచ్చలండీ మావయ్య గారూ! పొట్టివి, పొడుగువి, ఒకదాని వెనక ఒకటి, చాలంతా మచ్చలే. మొదటి బొట్టు కిందే కనబడ్డాయి. నేను కేక వేస్తే పక్క ల్యాబు వాళ్ళు మంటలనుకుని నీళ్ళ బకెట్టుతో వచ్చారు.

మీ ఉత్తరం కుమారస్వామి గారికి చదివి వినిపించాను. గులాబీ రేకుల దగ్గర ఆయన నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నారు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "ఒక్క రాసిన డిస్కే చూపించి ఉంటే, లేని మచ్చల్ని నీ లెన్సే పుట్టించిందేమో అని నేనే అనుమానించేవాణ్ణి. ఇప్పుడు ఖాళీదాంట్లో లేవంది, నిండుదాంట్లో ఉన్నాయంది. ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది" అన్నారు. కమిటీ కూడా అదే అంది. థీసిస్ ఇచ్చుకోమన్నారు. మీరు ఎనిమిదేళ్ళ క్రితం దాచకపోతే నాకీ రెండో డిస్కు ఎక్కడిది?

ఒక్క ఇబ్బంది వచ్చింది. నమూనాలు ఎక్కడివో థీసిస్‌లో రాయాలని కుమారస్వామి గారు పట్టుబట్టారు. డిస్కు మీద రికార్డింగు లోపల నుంచి బయటికి సాగుతుంది కాబట్టి, నేను చూసిన ముక్క పెళ్ళిలో ఎన్నో నిమిషమో లెక్కకట్టొచ్చు. కట్టాను. శ్యామ్ బాబుకి ఫోను చేసి అడిగితే, అది సరిగ్గా పాస్టరు గారి వాక్యం మధ్యలో, మీ నిద్ర దగ్గర పడిందన్నాడు. అందుచేత ఐదో అధ్యాయం మూడో బొమ్మ కింద ఇలా ఉంటుంది: "రికార్డు చేసిన మచ్చలు. విషయం: నిద్రిస్తున్న ఫిజిక్సు లెక్చరరు." లైబ్రరీలో శాశ్వతంగా ఉంటుందట. నేను వద్దనలేకపోయాను.

నేనూ దీపక్ రేపు రాత్రికి అక్కడుండాలనుకున్నాం. కమిటీ సవరణలు సోమవారానికే కావాలన్నారు, నాకు కుదరదు. దీపక్‌ని పంపుతున్నాను. అత్తయ్య గారికి నా ముద్దులు. కూర వేస్తున్నారా?

డాక్టరు కాబోతున్న మీ కోడలు,
శారోన్.


రాజోలు,
ఫిబ్రవరి 24.

మా ఇంటి డాక్టరు శారోన్‌కి, గీత దాటి వచ్చిన నా ఆశీస్సులు.

కూర వేస్తోంది. ఆదివారం నుంచి.

కూటం సంగతి దీపక్ వచ్చి చెప్తాడు. కానీ వాడు వెనక వరసలో కూర్చుని నవ్వాపుకోవడంలో మునిగిపోయాడు కాబట్టి, ముఖ్యమైంది వాడికి తెలియదు. నేను రాస్తున్నాను.

చర్చి నిండిపోయింది. శ్యామ్ బాబు తెర కట్టాడు. నేను మొదటి వరసలో, కళ్ళు రెండూ తెరిచి కూర్చున్నాను. నా మొహం తెరమీదకి వచ్చింది. జ్ఞాపకార్థ కూటమని కాసేపు అందరూ మర్యాదగా ఉన్నారు. రేకులు రాలడం మొదలయ్యాక పిల్లలు కిసుక్కుమన్నారు, వెనక నుంచి మా పాత స్టూడెంటెవడో "బెంచీ ఎక్కండి మాస్టారూ" అన్నాడు, ఇక పాస్టరు గారు కూడా ఆపుకోలేకపోయారు. నాలుగు నిమిషాలు ఇంత పొడుగ్గా ఉంటాయని ఫిజిక్సు చెప్పిన నాకు తెలియదు.

తర్వాత వేణువు ఆగింది. రేకులు ఆగాయి. మామూలు శబ్దం వచ్చింది. కెమెరా కొంచెం వెనక్కి జరిగితే నా పక్కన మా అత్తగారు. కొత్త చీర కట్టుకుని, చేతిలో మీ శుభలేఖ పట్టుకుని, దాంతో నాకు విసురుతున్నారు. ఎవరో నన్ను లేపబోతే చెయ్యి అడ్డం పెట్టారు. అటూ ఇటూ చూశారు. చెంగుతో నా నోరు తుడిచారు. వంగి, గోడకి కాదు, తలుపుకి కాదు, నాకే చెప్పారు.

"పడుకో నాయనా. నాలుగు రోజుల్నుంచి కాళ్ళ మీదే ఉన్నావు. నేనిక్కడే కూర్చున్నాలే, అవసరమైతే లేపుతాను."

మీ అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా అమ్మ గొంతండీ" అంది. ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. నా సంగతి అడగకు.

అమ్మాయ్, ముప్పై ఏడేళ్ళలో ఆవిడ నాతో నేరుగా ఆడిన మాట అదొక్కటే. అప్పుడు నేను నిద్రపోతున్నాను. తర్వాత దాన్ని ఎనిమిదేళ్ళు పెట్టెలో పెట్టి, ఆవిడ ఉన్నంతకాలం ఆవిడకి నేనంటే గిట్టదనే అనుకున్నాను. స్టూడియోలో ఇంకో నాలుగు నిమిషాలు కూర్చుని ఉంటే, ఆవిడ బతికుండగానే వెళ్ళి పలకరించేవాణ్ణి. ఏమని పలకరించేవాణ్ణో తెలియదు. ఏదో ఒకటి అనేవాణ్ణి.

అందరూ భోజనాలకి లేచాక శ్యామ్ బాబుని ఆ ముక్క మళ్ళీ పెట్టమన్నాను. పెట్టాడు. ఇంకోసారి పెట్టమన్నాను. మూడోసారి అయ్యాక వాడే నా పక్కకి వచ్చి కూర్చుని, "మళ్ళీ పెట్టమంటారాండీ మాస్టారూ?" అన్నాడు.

పెట్టమన్నాను.

ప్రేమతో,
మీ మావయ్య దానియేలు.